పాత వెర్షనుకు మరలుట

“క్రొత్త యొక వింత, పాత యొక రోత” యని మన పెద్దలు చెప్పుదురు. మనుష్యుల చపలత్వమును జూచి నవ్వుచు వారా మాట యనిరే గాని, అట్లు నడచుకొనుమని బోధించుటకు గాదు. ఫోటోలను దిద్దు సాఫ్ట్‌వేరుల విషయమున నీ సామెత లోతు నాకు గడచిన సంవత్సరమున తెలియవచ్చినది. నేను పడిన చిక్కు మరియొక సోదరి పడకుండు గాక యని యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

మా మామగారి సాంవత్సరికమునకు వారి పటమొకటి కట్టింపవలెనని మా అత్తగారు కోరిరి. వారి ముఖము స్పష్టముగ గనబడు ఫోటో యింట నొక్కటియే యున్నది. అది పెట్టె యడుగున, పట్టుచీరల మడతలలో, నలువది యేండ్లకు పైగా దాగియుండుటచే చెమ్మ తగిలి మచ్చలు పడినది; నడుమ నొక మడత గీత గూడ నున్నది. దానిని స్కాను చేయించి తెచ్చి, మా యింటి కంప్యూటరులో రోజున కొక గంట చొప్పున, మధ్యాహ్నపు తీరికవేళ, ఒక్కొక్క మచ్చను తుడుచుచు వచ్చితిని. నెల దాటినది. చెక్కిళ్లు, తలపాగా, కోటు బొత్తాములు తేటపడినవి. కన్నుల చుట్టు మాత్రము పని మిగిలినది.

ఇంతలో నొకనాటి రాత్రి “క్రొత్త వెర్షను సిద్ధముగా నున్నది” యని తెరపై నొక ప్రకటన కనబడినది. ఆలోచింపక సమ్మతించితిని. తెల్లవారి చూతును గదా, నేను వాడుచుండిన పరికరములు తావులు మారినవి. మా పాత కంప్యూటరు దాని బరువును మోయలేక మాటిమాటికి నిలిచిపోవుచుండెను. ముఖములను దానంతట నదియే బాగుచేయు పరికరమొకటి క్రొత్తగా వచ్చినది. శ్రమ తగ్గునను నాశతో దానిని నొక్కితిని. క్షణములో ముఖము నున్నగా మెరసినది. సంతోషముతో మా అత్తగారిని బిలిచి చూపితిని. ఆమె కొంతసేపు చూచి, “అమ్మాయీ, ఈయన యెవరే?” యనిరి.

మా మామగారికి ఎడమ కనుబొమ్మ మీద చిన్ననాటి గాయపు మచ్చ యొకటి యుండెను. యంత్రము దానిని గూడ కాగితపు మచ్చగా నెంచి తుడిచివేసినది. కన్నులను సయితము తనకు దోచిన రీతిగా తిరుగ వ్రాసినది. ఆ పటము గోడకు తగిలించి దండ వేసినచో, మా అత్తగారు ప్రతిదినము నెవరికో నమస్కరింపవలసి వచ్చును. ఇక పాత వెర్షనుకు మరలుటయే తగునని నిశ్చయించితిని.

క్రొత్తదానిని దీసివేసి పాతదానిని మరల నెక్కించితిని. కాని నా పనియంతయు నున్న కాటలాగును తెరువబోవగా, “ఇది నాకంటె క్రొత్త వెర్షనులో మార్పు పొందినది, తెరువజాలను” అని యది చెప్పినది. నా గుండె జారినది. మా వారు తమ బడి కాగితములతోపాటు నా కాటలాగును గూడ పది దినముల క్రిందట పెన్‌డ్రైవులోనికి నకలు తీసియుంచిరి. దానివలన పది దినముల పని మాత్రము పోయి, తక్కిన దంతయు దక్కినది.

ఇట్టి యనుభవము సామాన్య గృహిణులకే గాక, ఛాయాచిత్రకళయే జీవనముగా గలవారికిని గలిగినది. అడోబీ సంస్థవారి లైట్‌రూమ్ అను సాఫ్ట్‌వేరు విషయమున 2015 వ సంవత్సరమున జరిగిన వృత్తాంతము ఇందుకు మంచి తార్కాణము. ఆ యేటి అక్టోబరు మొదటి వారమున వారు 6.2 అను వెర్షనును విడుదల చేసిరి. కెమేరా కార్డునుండి ఫోటోలను లోనికి దెచ్చుకొను తెరను, క్రొత్తవారికి సులభముగా నుండునను తలంపుతో, పూర్తిగ మార్చివేసిరి. ఆ మార్పులో పాతవారు ప్రతిదినము వాడుకొను సౌకర్యములు కొన్ని పోయినవి. పని ముగియగానే కార్డును దానంతట నదియే విడుదల చేయు నేర్పాటు పోయినది. ఫోటోలు ఏ సంచిలోనికి జేరునో ముందుగా చూచుకొను వీలు తగ్గినది. ఇవి చాలవన్నట్లు సాఫ్ట్‌వేరు నడుమ నడుమ నాగిపోజొచ్చినది.

వాడుకరులు గగ్గోలు పెట్టిరి. వారము తిరుగక మునుపే సంస్థవారు బహిరంగముగ క్షమాపణ చెప్పుకొనిరి. వెనుకటి వెర్షనుకు మరలు విధానమును దామే తెలిపిరి. ఆ మాసములోనే పాత తెరను దిరిగి యిత్తుమని మాట యిచ్చి, నవంబరులో వచ్చిన 6.3 వెర్షనులో దానిని జెల్లించుకొనిరి. చేసినవారే తమ పనిని వెనుకకు దీసికొనగా, వాడుకొను మనము వెనుకకు మరలుటలో సిగ్గుపడవలసిన దేమున్నది?

పూర్వ మీ మరలుట యింత కష్టముగా నుండెడిది కాదు. టామస్ నోల్, జాన్ నోల్ అను నమెరికా సోదరులు 1987 లో నారంభించిన పని ఫోటోషాప్ అను పేరుతో 1990 వ సంవత్సరపు ఫిబ్రవరిలో వెలువడినది. ఒకదానిపై నొకటి పరచిన పారదర్శక పత్రములవంటి లేయరులు 1994 లో 3.0 వెర్షనుతో వచ్చినవి. ఆ కాలమున సాఫ్ట్‌వేరును డిస్కుల మీద గొని బీరువాలో దాచుకొనెడివారు. క్రొత్తది నచ్చనిచో పాత డిస్కును బయటికి దీయుటయే తడవు. మన పట్టణములలోని స్టూడియోలవారు 2002 లో వచ్చిన ఫోటోషాప్ 7.0 ను, దాని తరువాత నెన్నియో వెర్షనులు వచ్చినను, పెండ్లి ఆల్బములకై చాలకాలము వదలిపెట్టలేదు. అలవాటుపడిన చేతికి తెలిసిన పనిముట్టు, చిన్న కంప్యూటరుపై తేలికగా నడచు గుణము, వీనిని వారు విలువైనవిగా నెంచిరి. 2013 లో అడోబీవారు ఇకమీదట క్రొత్త వెర్షనులను చందా పద్ధతిమీదనే యిత్తుమని ప్రకటించిరి. అప్పటినుండి సాఫ్ట్‌వేరు ఇంటర్నెట్టుద్వారా వచ్చి, మనము గమనింపకయే మారుచుండుట వాడుకయైనది. 2019 వ సంవత్సరపు మే మాసమున, చందాదారులకు కడపటి రెండు ముఖ్య వెర్షనులు మాత్రమే దిగుమతి చేసికొన లభించునని వారు తెలిపిరి. కావున వెనుకకు బోదలచినవారు చాల యాలస్యము చేయరాదు.

మరలుటకు ముందు సాఫ్ట్‌వేరు మన పనిని ఎచ్చట దాచునో తెలిసికొనవలెను. ఇందు రెండు విధములు గలవు. లైట్‌రూమ్ వంటివి మనము దిద్దిన ఫోటోను ముట్టుకొననే ముట్టుకొనవు. “ఇచ్చట వెలుగు పెంచుము, అచ్చట మచ్చ తుడువుము” అను నాజ్ఞలను మాత్రము కాటలాగను వేరొక పుస్తకములో వ్రాసికొనును. అసలు ఫోటో భద్రముగనే యుండును. కాని కాటలాగు పోయినచో మన శ్రమ పోవును. ముఖ్యమైన క్రొత్త వెర్షను వచ్చినప్పుడు లైట్‌రూమ్ కాటలాగును క్రొత్త రీతికి మార్చి వేరొకటి చేయును, పాతదానిని గూడ నుంచును. పాత వెర్షను ఆ పాత కాటలాగును మాత్రమే తెరువగలదు. మార్పు తరువాత జేసిన పని యందుండదు. ఫోటోషాప్ వంటివి రెండవ విధమునకు జెందును. ఇందు లేయరులతో గూడిన ఫైలే మన పని. క్రొత్త వెర్షనులో మాత్రమే యున్న పరికరముతో జేసిన ఫైలును పాతదానిలో తెరచినచో, తనకు తెలియని భాగములను విడిచిపెట్టవలసి వచ్చునని యది హెచ్చరించును. అప్పుడు తొందరపడి సమ్మతింపరాదు.

ఇక చేయవలసిన పనులను వరుసగా చెప్పుచున్నాను.

మొదట అసలు ఫోటోలను, కాటలాగును, లేయరుల ఫైళ్లను వేరొక డిస్కులోనికి నకలు తీయవలెను. నకలు తీసితినని సంతసించిన చాలదు; దానినుండి యొక ఫైలును తెరచి చూడవలెను.

రెండవది, క్రొత్త వెర్షనులో పూర్తి చేసిన చిత్రములను టిఫ్ ఫైళ్లుగ వెలికి తీసి యుంచవలెను. పాతదానికి ఆజ్ఞలు తెలియకపోయినను, తయారైన చిత్రమును జూపుటకు దానికి అడ్డు లేదు.

మూడవది, క్రొత్తదానిని వెంటనే తీసివేయక, వీలున్నచో రెంటిని ప్రక్కప్రక్కన నుంచుకొని, పాతదానిలో రెండు మూడు ఫోటోలతో పరీక్షింపవలెను. అడోబీవారి క్రియేటివ్ క్లౌడ్‌లో సాఫ్ట్‌వేరు పేరు ప్రక్కనుండు మూడు చుక్కలను నొక్కినచో “అదర్ వెర్షన్స్” అను మాట కనబడును, పాతవి యందుండును. ముఖ్యమైన క్రొత్త వెర్షనును ఎక్కించునప్పుడు పాతవానిని తీసివేయవలెనా యని యడుగు గడి యొకటి యుండును. దానిలోని గుర్తును దీసివేయుట మరువరాదు.

నాలుగవది, దానంతట నదియే మారు నేర్పాటును నిలిపివేయవలెను. లేనిచో మనము వెనుకకు మరలిన మరునాడే యది మరల ముందునకు బోవును.

అయితే పాతది యెల్లప్పుడు మేలని నేను చెప్పుట లేదు. క్రొత్త కెమేరాల రా ఫైళ్లను పాత వెర్షను గుర్తింపజాలదు. అందునకు అడోబీవారి డిఎన్‌జి కన్వర్టరు ఉచితముగ లభించును. ఆ ఫైళ్లను డిఎన్‌జి రూపమునకు మార్చినచో పాతదియు తెరువగలదు. కంప్యూటరు నడుపు వ్యవస్థ మారినను చిక్కే. 2019 లో వచ్చిన మాక్ కెటలీనా, 32-బిట్ సాఫ్ట్‌వేరులను నడుపుట మానివేసినది. దానితో నెన్నియో పాత పనిముట్లు ఒక్కసారిగ మూలబడినవి. పాతవానికి భద్రతకు సంబంధించిన మరమ్మతులు సయితము నిలిచిపోవును. అన్నిటికంటె ముఖ్యముగా, పాత వెర్షను దొరకలేదని తెలియని చోటులనుండి దానిని దెచ్చి యెక్కింపరాదు. అట్టి వానితో వైరసులు వచ్చి, ఫోటోలే గాక యింటి లెక్కలును, బ్యాంకు వివరములును పరులపాలగు నపాయము గలదు. చందా కట్టలేనివారికి గింప్ అను నుచిత సాఫ్ట్‌వేరు గలదు. 1995 లో నిద్దరు విద్యార్థులు ఆరంభించిన దానిని నేటికిని స్వచ్ఛందముగ పెంచుచున్నారు. దాని పాత వెర్షనులును వారి తావుననే లభించును.

మా యింటి కథను ముగించి సెలవు తీసికొందును. పోయిన పది దినముల పనిని మరల జేసితిని. రెండవమారు చేయి తిరిగియుండుటచే నారు దినములలో ముగిసినది. ఎడమ కనుబొమ్మ మీది మచ్చను ముట్టలేదు. మడత గీత నుదుటిమీదుగా బోయిన చోట నా గీతకును ముడుతకును భేదము తెలియక, మా అత్తగారిని ప్రక్కన గూర్చుండబెట్టుకొని యడిగితిని. “అది ఆయన ముడుతే, ఉండనీ” యని ఆమె వ్రేలు పెట్టి చూపిరి. యంత్ర మెంత క్రొత్తదైనను ఆ మాట చెప్పజాలదు. సాంవత్సరికమునాడు పటమునకు దండ వేసి, ఆమె చాలసేపు దానిని జూచుచు నిలువబడిరి.

సోదరీమణులారా! మీ యిండ్ల పెట్టెల యడుగున నిట్టి చిత్రము లుండకపోవు. వానిని దిద్ద బూనుకొనుడు. కాని తెరపై “క్రొత్త వెర్షను” అని కనబడిన రాత్రి, సమ్మతించుటకు ముందు లేచి యొక నకలు తీసికొనుడు.