తుపాకుల ఆటలో దూకిన మిర్చి రైతు

కొడుకు లోకం చూసేందుకు కళ్లంలో మూడు రాత్రుల యుద్ధం

రాత్రి పదకొండు గంటలు దాటింది. కళ్లంలో ఎర్రగా పరిచిన మిర్చి పక్కన, నులక మంచం మీద ఓ రైతు సెల్‌ఫోను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. నుదుట చెమట పట్టింది. "ఒరే, ఎటు పరుగెత్తాలిరా? నీలం గోడ మీదికి వచ్చేస్తోంది!" అని కేక పెట్టారు. పక్కనున్న కొడుకు పడీ పడీ నవ్వుతున్నాడు. అటు కళ్లాల్లో కాపలా ఉన్నవాళ్లు ఏం ముంచుకొచ్చిందోనని టార్చిలైట్లు వేసుకుని పరుగెత్తుకొచ్చారు. తీరా చూస్తే అక్కడ పామూ లేదు, దొంగా లేడు. తండ్రీ కొడుకులు సెల్‌ఫోనులో తుపాకుల ఆట ఆడుతున్నారు.

పల్నాడు జిల్లాలోని ఓ మిర్చి పల్లెలో జరిగిన ముచ్చట ఇది. ఇంటి సంగతి గనుక ఊరూ పేరూ వద్దని ఇద్దరూ కోరారు. ఆ రాత్రికి వారం ముందు వరకూ ఆ ఇంట్లో తండ్రీ కొడుకుల మధ్య మాటలే లేవు.

కాయ తడిసింది.. మాట తెగింది

కొడుకు వయసు 17. ఇంటర్ చదువుతున్నాడు. రాత్రిళ్లు తండ్రికి తోడుగా కళ్లం కాపలాకు వస్తాడు. వచ్చిన దగ్గర్నుంచీ సెల్‌ఫోనే లోకం. ఓ రాత్రి ఉన్నట్టుండి మబ్బు పట్టింది. టార్పాలిన్ పట్టాలు కప్పుదాం రమ్మని తండ్రి పిలిచారు. "రెండు నిమిషాలు నాన్నా" అన్నాడు కొడుకు. ఆ రెండు నిమిషాలు పది నిమిషాలయ్యాయి. ఈలోగా జల్లు దిగింది. ఒక్క మనిషి ఒక కొస లాగితే గాలికి రెండో కొస లేచిపోయింది. అంచున ఉన్న కాయ తడిసి, రెండు రోజులకే రంగు మారింది. రంగు పోయిన కాయను గుంటూరు యార్డులో ఎంతకు అడుగుతారో మిర్చి పండించే వారికి చెప్పనక్కర్లేదు.

తండ్రి ఆ సెల్‌ఫోను లాక్కుని ట్రంకు పెట్టెలో వేసి తాళం పెట్టారు. కొడుకు మాట్లాడటం మానేశాడు. పిలిస్తే తింటాడు, లేకపోతే లేదు. చివరికి తల్లి కల్పించుకుంది. "ఏమయ్యా, వాడు ఆడేదేమిటో నీకు తెలుసా? తెలియని దాన్ని ఎంత తిట్టినా వాడి చెవికి ఎక్కుద్దా?" అని భర్తను నిలదీసింది. ఆ మాట ఆయనకు గట్టిగానే తగిలింది. మర్నాడు సాయంత్రం పెట్టె తాళం తీశారు. సెల్‌ఫోను కొడుకు చేతిలో పెట్టి, "ఆ ఆటేదో నాకూ నేర్పు" అన్నారు.

ఎక్కడ పుట్టింది?

ఆట పూర్తి పేరు బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా. పిల్లలు బీజీఎంఐ అంటారు. పాత పేరు పబ్జీ. ఐర్లాండ్ దేశస్థుడు బ్రెండన్ గ్రీన్ దీనికి రూపకర్త. ఒక్కడే మిగిలేదాకా అందరూ పోరాడే కథతో 2000లో వచ్చిన జపాన్ చిత్రం 'బ్యాటిల్ రాయల్' నుంచి ఆయనకు ఈ ఆలోచన అందింది. దక్షిణ కొరియాలోని బ్లూహోల్ కంపెనీ ఆయనను పిలిపించుకుని ఆట తయారు చేయించింది. 2017 మార్చిలో కంప్యూటర్లకు, 2018లో సెల్‌ఫోన్లకు వచ్చింది. కంప్యూటరు అక్కర్లేదు, చేతిలోని ఫోను చాలు అనేసరికి పల్లెల్లోకీ పాకింది.

దేశ భద్రత కారణాలు చూపి కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న నిషేధించిన 118 యాప్‌లలో పబ్జీ కూడా ఉంది. 2021 జులైలో భారతీయుల కోసమంటూ బీజీఎంఐ పేరుతో మళ్లీ వచ్చింది. 2022 జులైలో తిరిగి ఆగిపోయింది. 2023 మేలో మళ్లీ అనుమతి లభించింది. అప్పుడు పెట్టిన షరతుల ప్రకారం 18 ఏళ్ల లోపు వారు రోజుకు మూడు గంటలకు మించి ఆడకూడదు. వారికి తల్లిదండ్రుల సమ్మతీ కావాలి.

సమ్మతి అన్న మాట వినగానే తండ్రికి ఓ సంగతి గుర్తొచ్చింది. కొన్ని నెలల కిందట కొడుకు "నాన్నా, నీ ఫోనుకు ఓటీపీ వచ్చింది, అంకెలు చెప్పు" అంటే, మందు కొడుతూ చదివి వినిపించారు. తానిచ్చిన సమ్మతి అదేనని ఆయనకు ఇప్పుడు తెలిసింది.

కాపలా కాసి చచ్చారు

తొలి రాత్రి తండ్రి తన ఫోనులోనే ఆట ఎక్కించుకున్నారు. ముందు అందరినీ ఒక చోట చేర్చారు. నిమిషం పాటు జనం అటూ ఇటూ పరుగెత్తుతూ గుద్దులాడుకున్నారు. తర్వాత విమానం. నూరు మంది అందులో ఎక్కి ఓ దీవి మీదుగా పోతారు. ఎవరికి నచ్చిన చోట వారు దూకి గొడుగు విప్పుకోవాలి. ఆ దీవి పేరు ఎరాంగెల్. ఎనిమిది కిలోమీటర్ల పొడవు, ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు. మూడు నాలుగు ఊళ్ల పొలాలు కలిపితే ఎంతో అంత. ఇళ్లున్నాయి, కాపురాలు లేవు. పొలాలున్నాయి, కోసేవాడు లేడు. "ఊరు ఊరంతా పాడుబెట్టి పోయారేందిరా?" అన్నది ఆయన నోట వచ్చిన తొలి మాట.

దిగేటప్పుడు ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. ఇల్లిల్లూ తిరిగి తుపాకి, గుండ్లు, టోపీ, కవచం, కట్లు ఏరుకోవాలి. ఆయనకు ఒక రకం తుపాకి, మరో రకం గుండ్లు దొరికాయి. ఒకటి రెండోదానిలో పట్టదు. అట్ల పెనం కూడా దొరికింది. వెనక నడుముకు తగిలించుకుంటే అది గుండును ఆపుతుందని కొడుకు చెప్పాడు. ఆ మాట విని తల్లి, "అయితే మన పెనం కూడా కళ్లానికి తీసుకుపో" అని ఎగతాళి చేసింది.

దొరికిన ఇల్లు బాగుందని ఆయన తలుపు వేసుకుని కాపలా కాశారు. ఈ ఆటలో అది పనికిరాదు. మ్యాపులో ఓ గుండ్రటి గీత ఉంటుంది. కొద్దికొద్ది సేపటికి అది చిన్నదవుతూ పోతుంది. బయట మిగిలిన వారి మీదికి నీలం గోడ లాంటిది వస్తుంది. అందులో చిక్కితే ప్రాణం తరిగిపోతుంది. నూరు మందినీ ఒక చోటికి తోలడానికే ఈ ఏర్పాటు. ఎక్కడా కాలు నిలవనీయదు. ఆయన కేకలు పెడుతుండగానే నీలం గోడ మింగేసింది. ఒక్క గుండూ తగలకుండానే చనిపోయారు.

తొలి గెలుపు వెనక

రెండో ఆటలో కథ మారింది. చెట్టు చాటున నక్కి ఒకడిని కాల్చారు. ఆ తర్వాత ఇంకొకడిని. నెత్తురు ఎర్రగా కాక పచ్చగా చిమ్మింది. "ఇదేందిరా, ఆకు పసరు లాగుంది" అన్నారు. అయినా ఒంట్లో ఏదో హుషారు పుట్టింది. "చూశావా, నాకూ వచ్చు!" అని మంచం మీద చరిచారు.

కొడుకు నెమ్మదిగా చెప్పాడు. "వాళ్లు మనుషులు కాదు నాన్నా. కొత్తగా వచ్చినోళ్ల ఆటలోకి కంపెనీయే బొమ్మల్ని పంపుద్ది. అయ్యి సరిగా కాల్చలేవు. మనం గెలవాలనే పెడతారు."

ఆయన ముఖం వాడిపోయింది. తిరునాళ్లలో మూడు ముక్కలాట వాడు కొత్తవాడికి ముందు రెండు పందేలు వదలడం ఆయన చిన్నప్పటి నుంచీ చూసిందే. ఇక్కడ పందెం డబ్బు లేదు. కానీ మనిషిని కూర్చోబెట్టే కిటుకు అదే. "నువ్వు కూడా మొదట్లో ఇట్లాగే గెలిచావా?" అని అడిగారు. కొడుకు తల దించుకుని, ఔనన్నాడు. కొత్త దుస్తులు, తుపాకుల పైరంగులు డబ్బుకు అమ్ముతారని, కొన్ని పెట్టెల్లో ఏముందో డబ్బు కట్టాక గానీ తెలియదని, తానూ ఒకసారి కొన్నానని అప్పుడే ఒప్పుకున్నాడు. ఆ రాత్రి ఆయన కోప్పడలేదు. అడిగి ఉండకపోతే ఆ సంగతి బయటికి వచ్చేది కాదని ఆయనకూ తెలుసు.

పరుగెత్తుకొచ్చిన కుర్రాడు

మూడో రాత్రి తండ్రీ కొడుకులు ఒకే జట్టులో ఆడారు. జట్టుకు నలుగురు. మిగిలిన ఇద్దరూ కొడుక్కి ఆటలోనే పరిచయం. ఒకడిది హిందీ, రెండోవాడిది కరీంనగర్ వైపు మాట. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుంటే నలుగురూ పక్కపక్కనే కూర్చుని మాట్లాడుకున్నట్టు ఉంటుంది. గుండ్లు పేలుతుంటే తండ్రి, "బాబూ, మీరేం పంట వేస్తారు?" అని అడిగారు. "మా బాపు పత్తి ఏస్తడు కాకా. ముందు నువ్వు గోడ చాటుకు పో" అని జవాబు వచ్చింది. ఏ ఊరని అడగబోతే కొడుకు చెయ్యి పట్టుకుని ఆపాడు. మొఖం తెలియని వాళ్ల దగ్గర ఊరు, ఫోను నంబరు, ఓటీపీ లాంటివి మాట్లాడకూడదట. ఆ జాగ్రత్త కొడుకు ముందే నేర్చుకుని ఉండటం తండ్రికి ఊరట కలిగించింది.

ఈ ఆటలో కళ్లకన్నా చెవులకు పని ఎక్కువ. శత్రువు అడుగుల చప్పుడు ఎటు నుంచి వస్తే ఆ చెవిలో వినిపిస్తుంది. ఏళ్ల తరబడి కళ్లం కాపలా కాసిన మనిషి కావడంతో ఆయనకు అది చప్పున పట్టుబడింది. "కుడి పక్క గోడ వెనక ఇద్దరున్నారు" అంటే నిజంగానే ఇద్దరున్నారు. జట్టంతా "కాకా, కాకా" అంటూ మెచ్చుకుంది.

కాసేపటికి ఆయనకే గుండు తగిలి కూలిపోయారు. జట్టు ఆటలో కూలినవాడు వెంటనే చావడు. మోకాళ్ల మీద పాకుతాడు. తోటివాడెవరైనా వచ్చి కొన్ని క్షణాలు పక్కన కూర్చుంటే లేస్తాడు. "జర ఆగు కాకా, పొగ ఏసి వస్త" అంటూ కరీంనగర్ కుర్రాడు పొగ గుండు విసిరి, తూటాల మధ్య పరుగెత్తుకొచ్చి లేపాడు. నలుగురూ చివరి పది మంది దాకా నిలిచారు. గెలిచినవారికి తెర మీద కనిపించే 'చికెన్ డిన్నర్' మాట మాత్రం దక్కలేదు.

ఆట ముగిశాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ కుర్రాడు నన్ను లేపేటప్పుడు వాళ్ల నాన్న పిలిచి ఉంటే?" అని అడిగారు. "రెండు నిమిషాలు అనేవాడు" అన్నాడు కొడుకు.

మధ్యలో ఆగదు

మూడు రాత్రుల్లో ఆయనకు అందిన అసలు సంగతి ఇదే. చదరంగమైతే పావులు అట్లాగే ఉంచి లేచిపోవచ్చు. ఈ ఆట మధ్యలో ఆగదు. లేచిపోతే మిగతా ముగ్గురినీ విడిచి పారిపోయినట్టే. ఒక్కో ఆట చివరిదాకా సాగితే అరగంట పడుతుంది. పిలవగానే కొడుకు రాకపోవడానికి పొగరు కారణం కాదని ఆయనకు తెలిసింది. అయితే కాయ తడిసిన మాట మారదు. "ఆ ముగ్గురూ నీ జట్టే. ఈ కళ్లం దగ్గర నేనూ నీ జట్టే కదా. ఆ రాత్రి పడింది నేను. నువ్వు లేపలేదు" అన్నారు. వారం రోజుల తిట్లకు కదలని కొడుక్కి ఆ మాటకు కళ్లు తడిశాయి.

ఇద్దరూ కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. ఆట మధ్యలో తండ్రి పిలవరు. ఆట మొదలుపెట్టే ముందు కొడుకు అడగాలి. గంటల లెక్క వద్దు, ఆటల లెక్కే. రాత్రికి రెండు. పరీక్షల నెలలో అదీ లేదు. డబ్బు పెట్టి ఏదీ కొనకూడదు. కళ్లంలో ఉన్నప్పుడు ఒక చెవికే ఇయర్‌ఫోను.

మొదట్లో నాలుగు రోజులు మూడో ఆట కోసం కొడుకు బతిమాలాడు. తండ్రి ఒప్పుకోలేదు. ఒకసారి తండ్రే మరచిపోయి ఆట నడుమ పిలిచారు. వెంటనే నాలుక కరచుకుని, తానే లేచి వెళ్లారు.

ఎప్పుడు భయపడాలి?

ఆడే పిల్లలందరికీ జబ్బు ఉన్నట్టు కాదు. అదుపు తప్పిన ఆటను జబ్బుగా గుర్తిస్తూ 2019లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన జాబితా 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, తిండి, నిద్ర, చదువు కన్నా ఆటే ముఖ్యం కావడం, నష్టం కనిపిస్తున్నా వదలలేకపోవడం.. ఇవి లక్షణాలు. సాధారణంగా ఏడాది పాటు ఇలా సాగితే జబ్బుగా లెక్క. అంతదాకా ఆగనక్కర్లేదు. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే సలహా చెబుతారు.

ఆ రైతుకు మాత్రం నాలుగో రాత్రికే ఆట మీద మోజు తీరిపోయింది. అద్దం మీద వేళ్లు ఆడించి బొటనవేళ్లు నొప్పి పుట్టాయని, తనకు మిర్చి కాపలాయే నయమని నవ్వేశారు. ఆయన ఫోనులో ఇప్పుడు ఆ ఆట లేదు. కొడుకు ఫోనులో ఉంది. రోజూ రాత్రి కళ్లంలో మంచం వాల్చాక కొడుకు ముందు ఆకాశం వంక చూస్తాడు. తర్వాత, "నాన్నా, మబ్బేమైనా ఉందా? ఒక ఆట వేసుకోనా?" అని అడుగుతాడు.