గర్భిణికి షుగర్: మాయ దేనిని దాటనిస్తుంది?

"ఇన్సులిన్ సూది వేస్తే కడుపులో బిడ్డకు హాని కాదా సిస్టర్?" ప్రసూతి వార్డులో ఈ మాట ఎక్కువగా అడిగేది గర్భిణి కాదు, పక్కన కూర్చున్న తల్లిగారో అత్తగారో. ఒక అత్తగారైతే రెండు రోజులు కోడలికి సూది వేయనివ్వలేదు. ఆమెది ప్రేమే. కానీ భయపడవలసింది ఇన్సులిన్‌కు కాదు.

కాన్పు తరువాత బయటికి వచ్చే మాయను మీలో కొందరు చూసే ఉంటారు. సుమారు అరకిలో బరువుంటుంది. అందులో తల్లి రక్తం, బిడ్డ రక్తం కలవవు, మధ్యలో పల్చని పొర ఉంటుంది. ఆ పొరలో గ్లూకోజును మోసే ప్రోటీన్లు ఉన్నాయి. షుగర్ ఎక్కువ ఉన్న తల్లి వైపు నుండి తక్కువ ఉన్న బిడ్డ వైపుకు వెళుతుంది. మన కాలువలో నీటి మట్టం పెరిగితే తూములోంచి పొలానికి ఎక్కువ నీరు పోయినట్లే, తల్లికి షుగర్ పెరిగితే బిడ్డకూ ఎక్కువ పోతుంది. ఇన్సులిన్ పెద్ద అణువు. అది మాయను దాటి బిడ్డను చేరదు.

అసలు ఈ షుగర్ రావడానికి కారణం కూడా మాయే. బిడ్డకు ఆహారం కొరత రాకుండా అది విడుదల చేసే హార్మోన్లు తల్లి ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. చాలామంది తల్లుల శరీరం మరింత ఇన్సులిన్ తయారు చేసుకుంటుంది. అలా చేసుకోలేని వారికి షుగర్ వస్తుంది. ఆమె మిఠాయిలు తిన్నందుకే వచ్చిందని దయచేసి నిందించకండి.

షుగర్ వచ్చి పడుతుంది, తల్లి ఇన్సులిన్ రాదు. అందుకని బిడ్డ తన క్లోమగ్రంథి నుండే ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసుకుంటుంది. డెన్మార్క్ వైద్యుడు పెడర్సన్ 1950లలోనే ఈ సంగతి వివరించారు. ఆ ఇన్సులిన్ వల్ల బిడ్డకు కొవ్వు పడుతుంది. "బిడ్డ బొద్దుగా ఉన్నాడు" అని మురిసిపోతాము గానీ, కాన్పులో భుజాలు ఇరుక్కునే ప్రమాదం అక్కడే ఉంది. బొడ్డుతాడు కోయగానే షుగర్ రావడం ఆగిపోతుంది, బిడ్డలో ఇన్సులిన్ మాత్రం ఇంకా ఉంటుంది. మొదటి గంటల్లో బిడ్డకు షుగర్ బాగా పడిపోవచ్చు. వణుకు, మగత కనిపించవచ్చు, ఏమీ కనిపించకపోనూవచ్చు. మడమ నుండి రక్తపు చుక్క తీసేది అందుకే, అడ్డు చెప్పకండి. గంటలోపే తల్లిపాలు పట్టించాలి. తేనె, పంచదార నీళ్ళు వద్దు.

పరీక్ష సులభం. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, రెండు గంటల తరువాత రక్తం చూస్తారు. 140 గాని అంతకు మించి గాని ఉంటే షుగర్ ఉన్నట్లు. మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, అప్పుడు లేకపోతే 24 నుండి 28 వారాల మధ్య మరోసారి చేయించాలి.

ఉందని తేలితే అన్నం పూర్తిగా మాన్పించకండి. పూట పూటకూ తగ్గించి, పప్పు, ఆకుకూర పెంచండి. భోజనం తరువాత కాసేపు నడిపించండి. సీమంతానికి చలిమిడి పెట్టకుండా ఉండలేమంటారు, రుచికి కొంచెం చాలు. కొండ మీద పానకం గుక్కెడు తీసుకోవడం వేరు, ఇంట్లో చెంబుడు తాగించడం వేరు. చాలామందికి ఆహారం, నడకతోనే అదుపులోకి వస్తుంది. రెండు వారాలు చూసినా, తిన్న రెండు గంటలకు 120 లోపుకు రాకపోతే డాక్టరుగారు మందు గాని ఇన్సులిన్ గాని మొదలుపెడతారు.

మాయ బయటికి వచ్చాక చాలామందికి షుగర్ మామూలవుతుంది. అయినా ఆరు వారాలకు తల్లికి మళ్ళీ పరీక్ష చేయాలి. బిడ్డకు ఆరు వారాల టీకా వేయించే రోజునే తల్లిని కూడా పరగడుపున తీసుకురండి.