బొటనవేలికి దిగివచ్చిన ఆట

బాన్సువాడ: వరి కోతలు ముగిసి పొలాలు ఖాళీ అయ్యాయంటే నిజాంసాగర్ కాలువల కింది పల్లెల్లో ఒకప్పుడు కబడ్డీకి బరి గీసేవారు. కూతకు వెళ్లేవాడికి గడియారంతో పని లేదు. ఊపిరి ఉన్నంత సేపే ఆట. 30 సెకన్ల గడువు పోటీల్లో తర్వాత వచ్చి చేరింది. కూత మాత్రం నియమావళిలో ఇంకా ఉంది.

ఇప్పుడు అరుగు మీదా, బస్టాండు బల్ల మీదా కూర్చున్న కుర్రవాడికి రెండు బొటనవేళ్లు చాలు. ఎడమ వేలు తెర మీది మనిషిని నడిపిస్తుంది, కుడి వేలు గురి చూసి కాలుస్తుంది. బొత్తాలను ఆ వేళ్లకు అందేచోటనే అమర్చడం వెనుక తయారీదారుల లెక్క ఉంది. ఫోన్‌ను కాస్త వంచితే గురి మారే ఏర్పాటూ ఉంది. 2020 సెప్టెంబరులో కేంద్రం నిషేధించిన పబ్‌జీ మొబైల్, దాని స్థానంలో 2021లో వచ్చిన బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా ఈ కోవలోవే.

మరి మిగిలిన ఒళ్లు? మెడ వంగే ఉంటుంది, నడుము కదలదు. కబడ్డీలో అలుపు వస్తే కూత ఆగుతుంది. ఇక్కడ వేలు నొప్పి పుట్టినా, కళ్లు ఎర్రబడినా ఆట నియమాలకు పట్టదు. ఒక మ్యాచ్ ముగిసేసరికి మరొకటి సిద్ధంగా ఉంటుంది. క్యాండీ క్రష్‌లో 5 ప్రాణాలూ అయిపోతే ఒక్కో ప్రాణానికి 30 నిమిషాలు ఆగాలి. మంచిదే కదా అనిపిస్తుంది. ఆగలేనివారు డబ్బు కట్టి కొనుక్కోవచ్చు! ఆ విరామం ఆడేవాడి అలసటను చూసి పెట్టింది కాదు.

ఒంటిని మళ్లీ ఆటలోకి దింపాలని చూసినవారూ లేకపోలేదు. జపాన్ కంపెనీ నింటెండో 2006లో ‘వీ’ అనే యంత్రాన్ని తెచ్చింది. చేతిలోని పరికరాన్ని బ్యాటులా ఊపాలి. జనం ఎంత ఉత్సాహంగా ఊపారంటే మణికట్టు తాడు తెగి పరికరం టీవీలకు తగిలింది. కంపెనీ గట్టి తాళ్లు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. కొద్ది రోజులకే ఆడేవారు కిటుకు పట్టేశారు. చేయంతా ఊపనక్కరలేదు, కుర్చీలో కూర్చుని మణికట్టు విదిలిస్తే సరి. యంత్రానికి కదలిక తెలుస్తుంది, కష్టం తెలియదు. కూతలో అలా కుదరదు. మధ్యలో ఊపిరి పీలిస్తే ఎదుటి జట్టు చెవిన పడనే పడుతుంది.

2016లో వచ్చిన పోకెమాన్ గో మరికాస్త నయం. అందులో గుడ్డు పొదగాలంటే కిలోమీటర్ల కొద్దీ నడవాలి. బండెక్కి వేగంగా పోతే ఆ దూరం లెక్కలోకి రాదు.

బస్టాండులో మాత్రం బస్సు వచ్చేదాకా ఆటే, ఎక్కాకా ఆటే. హైదరాబాద్ చేరేలోగా అది ఆగితే ఫోన్‌లో చార్జింగ్ అయిపోయిందన్నమాట.