ఆపరేషన్‌కు ముందు ఒక చిన్న వీడియో: భయం ఎందుకు తగ్గుతుంది?

రేపు పొద్దున హెర్నియా ఆపరేషన్. వార్డులో మంచం మీద ఉన్న మనిషికి నిద్ర పట్టదు. నర్సు వచ్చి చూస్తే బీపీ మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. పక్క మంచం ఆయన, "నడుముకు మత్తు సూది ఇస్తారు, ఇక జన్మంతా నడుం నొప్పే" అని తన అనుభవం చెబుతాడు. చూడటానికి వచ్చిన బంధువు, మత్తు ఇచ్చాక మళ్లీ కళ్లు తెరవని ఎవరి కథో చెప్పి వెళ్తాడు. సాయంత్రం రౌండ్లకు వచ్చిన డాక్టరు "భయపడాల్సిందేమీ లేదు" అన్నారు. అంతకు మించి చెప్పే తీరిక ఆయనకు లేదు, అడిగే ధైర్యం ఈయనకు లేదు.

రోగుల తాకిడి ఎక్కువగా ఉండే ఆసుపత్రుల్లో ఇది మామూలుగా కనిపించేదే. ఈ ఖాళీని పూడ్చడానికి మన దేశంతో పాటు చాలా దేశాల్లో ఎనస్తీషియా నిపుణులు ఒక సులువైన మార్గాన్ని పరీక్షిస్తున్నారు. రోగికి జరగబోయేదంతా వరుసగా చూపించే చిన్న వీడియో అది. వినడానికి మామూలు విషయమే. అయితే అది ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు పనిచేయదు అన్నది మాత్రం అంత మామూలు ప్రశ్న కాదు.

భయం మనసులోనే ఆగిపోదు. ముప్పు ఉందని మెదడు అనుకోగానే అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లు రక్తంలోకి వస్తాయి. గుండె వేగం, రక్తపోటు, రక్తంలో చక్కెర పెరుగుతాయి. చర్మానికి దగ్గరగా ఉండే రక్తనాళాలు ముడుచుకుంటాయి. భయపడినవారి చేతులు చల్లబడేది, సెలైన్ సూదికి నరం దొరకనిది అందుకే. ఆందోళన స్వభావం ఎక్కువగా ఉన్నవారికి మత్తులోకి వెళ్లడానికి ప్రొపోఫాల్ మందు ఎక్కువ మోతాదులో అవసరమైనట్లు అధ్యయనాల్లో కనిపించింది. బీపీ మరీ పెరిగితే ఆపరేషనే వాయిదా పడవచ్చు. కూలి పని మానుకుని, తోడుగా ఒక మనిషిని తీసుకుని వచ్చిన కుటుంబానికి ఆ వాయిదా చిన్న విషయం కాదు.

ఈ భయాన్ని కొలవడానికి నెదర్లాండ్స్ పరిశోధకులు 1996లో ఒక ప్రశ్నావళిని ప్రకటించారు. ఆమ్‌స్టర్‌డామ్ స్కేల్ అని పిలిచే దీనిలో ఆరే వాక్యాలుంటాయి. ఒక్కోదానికి రోగి 1 నుంచి 5 వరకు మార్కు వేస్తాడు. ఆరింటిలో నాలుగు వాక్యాలు భయం గురించి, మిగిలిన రెండు 'నాకు ఇంకా వివరాలు తెలుసుకోవాలని ఉంది' అనే కోరిక గురించి. ఎక్కువగా భయపడేవారందరికీ అన్ని వివరాలూ కావాలని ఉండదు. అందుకే ఈ రెంటినీ విడివిడిగా లెక్కిస్తారు.

చెబితే భయం పెరగదా?

ముందే అంతా చెబితే రోగి ఇంకా హడలిపోతాడని ఇళ్లలోనే కాదు, ఆసుపత్రుల్లో కూడా చాలామంది అనుకుంటారు. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వైద్యులు 1964లో ప్రచురించిన ఒక ప్రయోగం దీన్ని నేరుగా పరీక్షించింది. కడుపు ఆపరేషన్లు చేయించుకుంటున్న 97 మందిని వాళ్లు రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు ఎనస్తీషియా డాక్టరు ముందుగానే అంతా వివరించారు. ఆపరేషన్ తర్వాత నొప్పి ఎక్కడ వస్తుంది, ఎలా ఉంటుంది, కండరాలను ఎలా వదులు చేసుకోవాలి, పక్కకు ఎలా తిరగాలి అన్నీ చెప్పారు. 'నొప్పి ఉండదు' అని బుజ్జగించలేదు, ఉంటుందనే చెప్పారు. ఎవరు ఏ గుంపో సర్జన్లకు తెలియదు. వివరంగా విన్నవారికి ఆపరేషన్ తర్వాత మత్తు తరహా నొప్పి మందులు దాదాపు సగమే సరిపోయాయి. వాళ్లు సగటున 2.7 రోజులు ముందుగా ఇంటికి వెళ్లారు.

మరో పదకొండేళ్లకు, 1975లో, మెలామెడ్, సీగెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇదే ఆలోచనను తెర మీదికి తెచ్చారు. ఆపరేషన్ కోసం వచ్చిన 4 నుంచి 12 ఏళ్ల పిల్లలు 60 మందిని తీసుకుని, సగం మందికి హెర్నియా ఆపరేషన్‌కు వెళ్లే ఈథన్ అనే ఏడేళ్ల బాబు సినిమా చూపించారు. మిగతా సగానికి ఆసుపత్రితో సంబంధం లేని సినిమా వేశారు. భయాన్ని లెక్కించడానికి అరచేతి చెమటను కూడా కొలిచారు. ఈథన్‌ను చూసిన పిల్లల్లో ఆపరేషన్ ముందు రాత్రీ, కొన్ని వారాల తర్వాత పరీక్షకు వచ్చినప్పుడూ ఆందోళన తక్కువగా ఉంది. ఆ సినిమాలో ఈథన్ వీరుడేమీ కాదు. తనకు భయమేస్తోందని చెబుతాడు, అయినా తట్టుకుంటాడు. నవ్వుతూ థియేటర్‌లోకి నడిచే మోడల్‌ను పెట్టి తీసే ఆసుపత్రి ప్రచార వీడియోలకు, దీనికి అసలు తేడా అదే.

ఇంతకీ ఏం చెప్పాలి? జీన్ జాన్సన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1973లో వాలంటీర్ల చేతికి పట్టీ బిగించి నొప్పి కలిగించారు. కొందరికి ఏం చేస్తామో మాత్రమే చెప్పారు. ఇంకొందరికి చెయ్యి ఎలా అనిపిస్తుందో, బిగుతు, తిమ్మిరి వంటివన్నీ చెప్పారు. రెండో రకం వారికి కలిగిన బాధ తక్కువ. నొప్పి తీవ్రత మారలేదు, దాని వల్ల కలిగే కంగారు మారింది. మెదడు రాబోయేదాన్ని ఎప్పుడూ ముందుగా అంచనా వేస్తూ ఉంటుంది. అనుభవం ఆ అంచనాతో సరిపోతే అది 'ఇదే కదా' అనుకుంటుంది. సరిపోకపోతే 'ఏదో తేడా జరుగుతోంది' అని గంట కొడుతుంది.

నడుముకు ఇచ్చే మత్తునే తీసుకుంటే, మంచి వీడియో ఈ మాటలు చెప్పాలి. వీపు వంచి కూర్చోబెడతారు. స్పిరిట్ రాసినప్పుడు చల్లగా ఉంటుంది. చిన్న చురుకు తగులుతుంది. కాసేపటికి కాళ్లు వెచ్చబడి బరువెక్కుతాయి, కదపాలన్నా కదలవు. అందరూ 'కాళ్లు పడిపోయాయి' అని బెంబేలెత్తేది ఇక్కడే. కొన్ని గంటల్లో కదలిక తిరిగి వస్తుందని ముందే తెలియాలి. పెద్దవారిలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది, సూది అంతకన్నా కింద వేస్తారు. కోసేటప్పుడు నొప్పి తెలియదు కానీ లాగినట్టు, నొక్కినట్టు అనిపించవచ్చు. ఒళ్లు వణకవచ్చు, అది తరచుగా కనిపించేదే. సూది వేసిన చోట కొద్ది రోజులు సలుపు ఉండవచ్చు. కొందరికి తలనొప్పి వస్తుంది, దానికి చికిత్స ఉంది. ఏళ్ల తరబడి సాగే నడుం నొప్పికి మాత్రం ఈ సూదే కారణమని అధ్యయనాల్లో తేలలేదు. పక్క మంచం ఆయన మాటకు జవాబు ఇదే.

వీడియోలో చూపకూడనివీ ఉన్నాయి. కోత, రక్తం అక్కర్లేదు. ఫోన్‌లో ఆపరేషన్ పేరు కొట్టి వెతికే రోగులకు మొదట దొరికేవి తరచూ అవే.

భాష సంగతి అన్నిటికన్నా ముఖ్యం. హిందీ వీడియోకు తెలుగు అక్షరాలు వేస్తే చదువురాని వారికి దానితో పని లేదు. 'ఆపరేషన్‌కు ముందు నిరాహారంగా ఉండవలెను' అంటే ఎంతమందికి ఎక్కుతుంది? సాధారణంగా నీళ్లు రెండు గంటల ముందు వరకు తాగనిస్తారు. పాలు కలిపిన టీ మాత్రం అన్నంతో సమానం, కనీసం ఆరు గంటల ముందే ఆపాలి. 'ఒక గుక్క టీయే కదా' అని తాగి వచ్చి, ఆ రోజు ఆపరేషన్ పోగొట్టుకునేవారు ఉంటారు. హైదరాబాద్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో అయితే తెలుగుతో పాటు ఉర్దూ వీడియో కూడా ఉండాల్సిందే.

తెర ఆగిన తర్వాత

ఇలాంటి మానసిక సన్నద్ధత పద్ధతులపై వచ్చిన 105 అధ్యయనాలను కాక్రేన్ సంస్థ 2016లో సమీక్షించింది. నొప్పి, ఆందోళన, ఆసుపత్రిలో ఉండే రోజులు కొంత తగ్గవచ్చని, అయితే ఆధారాల నాణ్యత తక్కువని తేల్చింది. వీడియో చూస్తున్నానని రోగికి తెలుసు కాబట్టి, మందులను పరీక్షించినట్టు ఉత్తుత్తి మాత్రతో పోల్చడం ఇక్కడ కష్టం. పైగా మనుషులంతా ఒకేలా ఉండరు. కొందరికి అన్నీ తెలిస్తేనే నెమ్మది, ఇంకొందరు ఆలోచన పక్కకు మళ్లితేనే కుదుటపడతారు. రెండో రకం వారికి బలవంతంగా అంతా చూపించడం మంచిది కాదు. 'మీకు చూడాలని ఉందా?' అని అడగడమే సరైన పద్ధతి.

వీడియోను సంతకం కాగితానికి బదులుగా వాడుకునే ప్రమాదం కూడా ఉంది. చికిత్సకు ముందు రోగికి తగినంత సమాచారం ఇచ్చి అంగీకారం తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లోనే స్పష్టం చేసింది. తెర మీది గొంతు ఈ రోగికున్న షుగర్ గురించి గానీ, గుండె జబ్బు గురించి గానీ చెప్పలేదు. ఆ మాట డాక్టరే చెప్పాలి.

చూపే సమయం కూడా ముఖ్యమే. థియేటర్ తలుపు ముందు, స్ట్రెచర్ మీద ఫోన్ చేతికిస్తే అప్పటికే ఆలస్యం. ఆపరేషన్ తేదీ రాసిచ్చిన రోజే వీడియోను వాట్సాప్‌లో పంపితే రోగి ఇంట్లో రెండుసార్లు చూడగలడు, ప్రశ్నలు రాసుకుని రాగలడు. అతనితో పాటు ఇంట్లోవాళ్లూ చూస్తారు, ఆ కథలు చెప్పే బంధువుతో సహా.