మీకు తెలుసా? తల పైకెత్తితే హవేలీ!

ఢిల్లీ జియా సరాయ్‌లో గది తీసుకుని పరీక్షలకు చదువుతున్నారా? అయితే ఈ ఆదివారం పుస్తకం మూసేయండి! హౌజ్ ఖాస్‌లో ఎల్లో లైన్ మెట్రో ఎక్కండి. దారిలో రైలు మారే పని లేదు. వేళ్లు మడుస్తూ లెక్కపెట్టుకోండి. సరిగ్గా 12వ స్టేషన్ చాందినీ చౌక్! ఎర్రకోట గుమ్మం ఎదుట మొదలయ్యే పాత వీధి అది. ఆ వీధిలో, దాని సందుల్లో దాక్కున్న హవేలీల, అంటే పాత మేడల గుట్టు ఒక్కొక్కటే విప్పుతాను. చెవి ఇటు వేయండి!

ఐఐటీ స్టేషన్‌లో ఎక్కి హౌజ్ ఖాస్‌లో మారేవాళ్లకు ఇంకో వింత! అక్కడ మెజెంటా లైన్ ప్లాట్‌ఫారం నేలకు ఎంత కింద ఉందో తెలుసా? 29 మీటర్లు! ఎస్కలేటర్ మీద నిలబడి ‘ఇంకా రాలేదేంటి’ అని విసుక్కున్నారు కదూ? ఎందుకో ఇప్పుడు తెలిసిందిగా!

ఇక అసలు వీధిలోకి రండి. దీన్ని గీయించింది ఎవరనుకున్నారు? షాజహాన్ కాదు. ఆయన కూతురు జహనారా! 1650లో ఈ చౌక్ సిద్ధమయ్యే నాటికి ఆమె వయసు 36 ఏళ్లు. తండ్రి కోట కట్టించుకుంటే, కూతురు కోట ముందు బజారు కట్టించింది!

అప్పట్లో ఈ వీధి కొలత వింటారా? పొడవు 1,520 గజాలు! దుకాణాలు పదిహేను వందల పైచిలుకు! నడుమ ఏముండేదో ఊహించండి. రోడ్డా? డివైడరా? కాదు, పారే కాలువ! చౌకు మధ్యలో ఒక కొలను. పున్నమి రాత్రి చంద్రుడు అందులో దిగి కూర్చునేవాడట! కాలువా పోయింది, కొలనూ పోయింది. పేరులో వెన్నెల మాత్రం మిగిలింది.

ఆ కొలను ఉన్నచోట తర్వాత ఏం వచ్చింది? గడియార స్తంభం! 1870లో ఇంగ్లీషువాళ్లు కట్టారు. 1951లో పైభాగం కూలి జనం మీద పడింది. తర్వాత మిగిలింది కూడా తీసేశారు. అయినా ఆ చోటును అడిగి చూడండి. రిక్షావాలా ఇప్పటికీ ‘ఘంటాఘర్’ అనే అంటాడు! గంటా లేదు, ఘరూ లేదు!

కోట గోడ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. వీధి వైపు గోడ ఎత్తు 33 మీటర్లు! వెనకాల, ఒకప్పుడు యమున పారిన వైపు మాత్రం ఇందులో సగానికి కాస్త పైన! ఎత్తంతా ఊరి వైపే! రాజుగారికి భయం నది నుంచి కాదన్నమాట!

మొదట్లో కోట లాహోరీ గేటు లోంచి చూస్తే ఈ వీధి తిన్నగా కనిపించేదట. మరి ఇప్పుడు అడ్డుగా ఉన్న ఆ గోడ ఎవరిది? ఔరంగజేబుది! గేటు ముందు ఇంకో కోటగోడ లేపాడు. అప్పటికి తండ్రి ఎక్కడున్నాడో తెలుసా? ఆగ్రాలో, కొడుకు పెట్టిన బందీఖానాలో! అక్కడే 8 ఏళ్లు గడిపి పోయాడు. తను కట్టించిన కోట ముందు లేచిన గోడను కళ్లతో చూడనే లేదు!

గేటు దాటగానే కప్పు వేసిన బజారు! ఛత్తా చౌక్. 32 కమానుల గదులు! ఎండ తగలకుండా, వాన తడవకుండా షాపింగు! ఇప్పటి మాల్‌ను చూసి నోరు తెరుస్తాం కానీ, రాజుగారి ఇంటివాళ్లు పదిహేడో శతాబ్దంలోనే ఆ సుఖం అనుభవించారు!

ఇది వింటే కొందరు నాతో వాదానికి దిగుతారు. ఎర్రకోట మీద నెహ్రూ తొలిసారి జెండా ఎగరేసింది ఆగస్టు 15న కాదు! 1947 ఆగస్టు 16న! నమ్మకం కుదరకపోతే మీ చరిత్ర సారును అడగండి. గ్రూప్స్ రాసేవాళ్లు ఎర్ర పెన్నుతో గీత పెట్టుకోవాల్సిన తేదీ!

అదే కోట బురుజు మీద జెండా ఎగరేయడానికి మన అప్పటి కరీంనగర్ జిల్లా వంగర పెద్దాయన నిలబడ్డారు. పి.వి. నరసింహారావు! ఎన్నిసార్లు? 1991 నుంచి వరసగా 5 ఆగస్టు పదిహేనులు! కోట ముందు నిలబడినప్పుడు ఆ సంగతి గుర్తొస్తే ఛాతీ కాస్త ముందుకొస్తుంది. రానివ్వండి!

కోటకు ఎదురుగా ఎర్రటి జైన మందిరం కనిపిస్తోందా? లోపల పక్షుల ఆసుపత్రి ఉంది! మొదలైంది 1929లో! ఫ్యాను రెక్క తగిలిన పావురాలు, గాలిపటం దారానికి తెగిన చిలకలు, అన్నీ ఇక్కడికే. ఫీజు లేదు! కానీ ఒక తిరకాసు ఉంది. గద్దలాంటి మాంసాహారులకు మందు వేసి పంపేస్తారు. వార్డులో చేర్చుకోరు! పక్కమంచం మీద పిచ్చుక ఉంటే మరి ఏం చేస్తారు, పాపం!

కొంచెం ముందుకు రండి. ఎలక్ట్రికల్ సామాన్ల బజారు. బల్బులు, వైర్లు, స్విచ్‌బోర్డులు! దాని నడుమ పెద్ద పెద్ద స్తంభాలతో ఒక మేడ. అది ఎవరి ఇల్లు? బేగం సమ్రూది! నాట్యగత్తెగా మొదలైన మనిషి. సొంత సైన్యాన్ని నడిపింది! సర్ధనా సంస్థానాన్ని ఏలింది! 1836లో పోయేదాకా ఏలుతూనే ఉంది! ఇప్పుడు ఆ ఇంటి ముందు సీరియల్ లైట్ల బేరం నడుస్తోంది. ఆమె చూస్తే ఆ లైట్లన్నీ కొనేసేదేమో!

ఇక్కడ ఒక చిట్కా. అందరికీ చెప్పకండి! ఎదురుగా చూస్తూ నడవకండి. దుకాణం బోర్డుకు పైన చూడండి! కింద చీరలు, పైన చెక్క బాల్కనీ. కింద మొబైల్ కవర్లు, పైన రాతి కమాను. పదడుగుల ఎత్తు దాటితే చాలు, వేరే కాలం! ఆదివారం దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. తోపులాట ఉండదు. మెడ నొప్పెట్టేదాకా చూసుకోవచ్చు!

కుడి ఎడమల సందుల్లోకి దూరితే దరీబా కలాన్. వెండి దుకాణాల వరస. అక్కడ ఒక అత్తరు కొట్టు 1816 నుంచి నడుస్తోంది! మొగల్ పాదుషా ఇంకా కోటలో ఉన్న రోజులవి! ఒక్క చుక్క మణికట్టు మీద రాయించుకోండి. వాసన జియా సరాయ్ దాకా వస్తుంది!

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చిన చోటు. కినారీ బజారులో జరీ అంచులు, పెళ్లి తలపాగాలు తళతళలాడుతుంటాయి. ఆ తళుకు మధ్య ఒక చిన్న గుమ్మం. చాలామంది దాటిపోతారు! లోపలికి వంగి చూడండి. నౌఘరా! సందు మొత్తానికి 9 ఇళ్లే! జైన నగల వర్తకుల ఇళ్లు. తలుపుల చుట్టూ పూలు, లతలు, రంగులు! ఒక్కో ఇంటికి ఒక్కో రంగు! బయట బజారు గోల చెవులు చిల్లులు పొడుస్తుంటే, లోపల సొంత ఊరి వీధిలా అరుగులు. సందు చివర చలువరాతి జైన గుడి. ఒక్క మాట! అవి మ్యూజియం కావు. లోపల కుక్కర్ కూత వినబడుతుంది. ఫొటో తీసే ముందు అడగండి!

ఈ హవేలీలు వీధికి వీపు తిప్పి ఎందుకుంటాయో చూశారా? వెలుగంతా లోపలే! నడిమి ముంగిలి, చుట్టూ గదులు. గోదావరి జిల్లాల మండువా లోగిలి లాగే! గాలి, ఎండ, వాన, ఆడవాళ్ల కబుర్లు, అన్నీ ఆ నడుమే! ఒక్క తేడా. మనది పెంకుటిల్లు, ఇది రెండు మూడు అంతస్తుల మేడ!

పాతబడ్డ ఇల్లు బాగుపడదంటారా? ధర్మపురా హవేలీ చూడండి! 1887 నాటి ఇల్లు. పడిపోయే స్థితిలో ఉంది. పగుళ్లు పూడ్చి, రాయి రాయి సర్ది, చెక్క చెక్క అతికి నిలబెట్టేసరికి ఆరేళ్లు పట్టింది! 2016 నుంచి అది హోటల్. మరుసటి ఏడాదే యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారాల్లో దానికి గుర్తింపు! కొత్త ఇల్లు కట్టడం తేలిక, పాతది నిలబెట్టడమే కష్టం. మేస్త్రీలను అడగండి, ఇదే చెబుతారు!

ఆకలేస్తోందా? పరాఠేవాలీ గలీ! పరాఠా అంటే పెనం మీద కాలుస్తారు కదా? ఇక్కడ నెయ్యి మూకుడులో వేయిస్తారు! 1870ల నుంచీ ఇంతే! కాకరకాయ పరాఠా ఉంది! అప్పడాల పరాఠా ఉంది! మిరపకాయ పరాఠా కూడా ఉంది. అది మనకు కారమే కాదు!

పెద్ద వీధిలోకి వస్తే బంగారు గోపురాల సునహరీ మసీదు. చిన్నదే. కానీ 1739లో నాదిర్ షా ఇక్కడే కూర్చున్నాడు! కత్తి దూసి ఊచకోతకు సైగ చేశాడు! వీధి రక్తంతో తడిసింది. తర్వాత నెమలి సింహాసనం ఎత్తుకుపోయాడు. దాంతో పాటు ఏం పోయింది? కోహినూర్! అది ఎక్కడ దొరికిందంటారో తెలుసా? కృష్ణ ఒడ్డున, మన కొల్లూరులో! కొల్లూరు ఇప్పుడు ఎక్కడుంది? పులిచింతల నీళ్ల కింద! వజ్రం లండన్‌లో, గని నీళ్లలో! అది మెరిసిన కోట మాత్రం ఇదిగో, ఇక్కడే!

ఈ వీధిలో ఏనుగు మీద వైస్రాయి ఊరేగాడు. 1912 డిసెంబరు 23. లార్డ్ హార్డింజ్! కొత్త రాజధానిలోకి దర్జాగా వస్తున్నాడు. ధన్! బాంబు! వైస్రాయికి వీపు నిండా గాయాలు. వెనక గొడుగు పట్టిన సేవకుడు అక్కడికక్కడే పోయాడు. హార్డింజ్ బతికి బయటపడ్డాడు! గొడుగు పట్టినవాడి పేరు మాత్రం ఎందరికి గుర్తుంది?

రోడ్డు మీద ఇప్పుడు రిక్షాలే కదా కనిపిస్తున్నాయి? ఒకప్పుడు ఇక్కడ ట్రాములు తిరిగాయి! 1908లో మొదలై, అరవైలలో ఆగిపోయాయి. పట్టాలు లేవు, గుర్తులు లేవు. ముసలి దుకాణదారును కదిపితే మాత్రం గణగణమంటూ ట్రాము మళ్లీ వస్తుంది!

ఇంకో మంచి ముక్క! 2021 నుంచి కోట దగ్గర్నుంచి ఫతేపురీ మసీదు దాకా 1.3 కిలోమీటర్లు పగటిపూట మోటారు బండ్లు రాకూడదు! ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా! హారన్ లేని ఢిల్లీ వీధి! (అప్పుడప్పుడూ ఎవడో ఒకడు స్కూటర్ దూరుస్తాడనుకోండి. ఢిల్లీ కదా!)

కూచా ఘాసీరామ్ సందులో ఒక ఇంటి పేరు అడగండి. చెప్పేవాడు నవ్వుతాడు. ‘నమక్ హరామ్ కీ హవేలీ’! ఉప్పు తిని ద్రోహం చేసినవాడి ఇల్లు! ఎవరాయన? భవానీ శంకర్ ఖత్రీ. మరాఠాల దగ్గర కొలువు చేసి, 1803 యుద్ధంలో ఇంగ్లీషువాళ్ల పక్షం చేరాడు. ఇంగ్లీషువాళ్లు మేడ ఇచ్చారు. ఊరు పేరిచ్చింది! రెండు వందల ఏళ్లు దాటింది. మేడ కూలిపోతోంది, పేరు మాత్రం కూలలేదు! అద్దెకున్నవాళ్లు చిరునామా చెప్పేటప్పుడు ఎంత ఇబ్బందో!

బల్లీమారాన్ అంటే ఇప్పుడు కళ్లజోళ్లు, చెప్పుల దుకాణాలు. ఆ సందుల్లోనే కాసిమ్ జాన్ గల్లీ. అందులో ఒక అద్దె ఇల్లు. అద్దెకున్నది మీర్జా గాలిబ్! 1869లో కన్ను మూసింది అక్కడే. జీవితమంతా అద్దె ఇళ్లే! జియా సరాయ్‌లో ఓనరు చేత మాట పడేవాళ్లకు ఇంతకంటే ఊరట ఏముంది! ఇప్పుడు ఆ ఇంట్లో మ్యూజియం ఉంది. చూడటానికి వెళ్లేవాళ్లు చెప్పుల దుకాణాల మధ్య దారి వెతుక్కోవాలి!

కట్రా నీల్ వైపు తిరగండి. చున్నామల్ హవేలీ! గదులు ఎన్ని? 128! లెక్కపెట్టేలోపు దారి తప్పుతారు! ఎదురుబొదురు అద్దాలు, షాండ్లియర్లు. కింద దుకాణాల వరస. బట్టల వ్యాపారం చేసిన లాలాగారి దర్జా అది!

ఆ చున్నామల్‌దే ఇంకో కథ. ఇది వినకుండా వెళ్లకండి! వీధి చివర ఫతేపురీ మసీదు. షాజహాన్ భార్య కట్టించింది. 1857 తిరుగుబాటు అణచేశాక ఇంగ్లీషువాళ్లు ఆ మసీదును వేలానికి పెట్టారు! మసీదు వేలం! పాడుకున్నది ఎవరు? చున్నామల్! ధర 19,000 రూపాయలు! హిందూ షావుకారు, చేతిలో మసీదు. పడగొట్టి మేడ కట్టుకోవచ్చు కదా? ముట్టుకోలేదు! మసీదును మసీదులాగే ఉంచాడు. తర్వాత 1877లో ప్రభుత్వం ఆ కుటుంబానికి ఊళ్లు ఇచ్చి మసీదు తిరిగి తీసుకుంది, ముస్లింలకు అప్పగించింది. ఈ వీధిలో అన్ని మేడల కంటే నాకు ఈ బేరం పెద్దదిగా కనిపిస్తుంది!

సీతారాం బజారులో ఒక పెళ్లి జరిగింది. 1916 ఫిబ్రవరి 8, వసంత పంచమి. పెళ్లికూతురు ఈ పాతబస్తీ అమ్మాయి కమల. పెళ్లికొడుకు? జవహర్‌లాల్ నెహ్రూ! కోట మీద జెండా ఎగరేసిన మనిషి ఈ సందుల అల్లుడే! పెళ్లివారితో కళకళలాడిన ఆ హక్సర్ హవేలీ మాత్రం ఇప్పుడు దాదాపు మిగల్లేదు!

ఆగండి, ఇంకొకటి! కోటకు దక్షిణాన దరియాగంజ్. అక్కడి నహర్‌వాలీ హవేలీలో 1943లో ఒక పిల్లాడు పుట్టాడు. పెరిగి పాకిస్తాన్ అధ్యక్షుడయ్యాడు! పర్వేజ్ ముషారఫ్! ఢిల్లీ సందులో పుట్టి ఇస్లామాబాద్ పీఠం ఎక్కాడు!

ఆదివారం కాకుండా మామూలు రోజున వచ్చారా? అయితే ఫతేపురీ పక్కనే ఖారీ బావలీ! మసాలాల టోకు బజారు. ఏలకులు, యాలుకపొట్టు, సొంఠి, పసుపు! అక్కడ 1551లో కట్టిన దిగుడుబావి ఉండేది. దాని పేరు బజారుకు ఉంది, బావి ఆనవాలే లేదు! లోపలికి అడుగుపెట్టగానే తుమ్ములు! బస్తాల మీద చేత్తో రాసిన ఊళ్ల పేర్లు చదవండి. గుంటూరు కనిపిస్తే ఆశ్చర్యపోకండి! అది మన మిర్చి ఘాటే!

ఇక పుస్తకాల పురుగులకు! దరియాగంజ్ పేవ్‌మెంట్ల మీద ఆదివారాలు అమ్మిన పాత పుస్తకాల బజారు గుర్తుందా? 2019లో మహిళా హాట్‌కు మారింది. అక్కడ కొన్ని పుస్తకాలను తూకం వేసి కిలోల్లెక్కన అమ్ముతారు! సంచి తీసుకెళ్లండి. కోట లోపలికి వెళ్లే ఆలోచన సోమవారం మాత్రం పెట్టుకోకండి, ఆ రోజు ఎర్రకోటకు సెలవు!