వార్తల్లో పదం: అద్దెదారుల బీమా

కూవము నది వంపు తిరిగి చుట్టివచ్చు చింతాద్రిపేటలో అద్దెకుండు గృహస్థుడు, 2015 డిసెంబరు వరదలు చెన్నపట్టణమును ముంచిన పిదపనైనను, గ్రహింపవలసిన సంగతి యొకటి గలదు: ఇంటి యజమాని కట్టడమునకు చేసిన బీమా గోడలను, పైకప్పును కాపాడునే గాని, కిరాయిదారుని బీరువాకును కుట్టుమిషనుకును దానితో సంబంధము లేదు.

ఈ లోటును తీర్చునదే అద్దెదారుల బీమా. 2021 ఏప్రిల్ 1 నుండి బీమా నియంత్రణ సంస్థయగు ఐ.ఆర్.డి.ఏ.ఐ. ఆదేశానుసారము సాధారణ బీమా సంస్థలు అమ్ముచున్న ‘భారత్ గృహ రక్ష’ పాలసీనే, కట్టడమును విడిచి, సామానులకు మాత్రము తీసికొనవచ్చును. అగ్ని, తుపాను, వరద, భూకంపము, అల్లరులు మొదలగువానివలని నష్టము దీని పరిధిలోనిది. దొంగతనము మాత్రము అట్టి ఉపద్రవమునకు పిమ్మట 7 దినములలోపల, దాని కారణముగనే జరిగినదై యుండవలెను గనుక, మనము ఊరికి పోయినప్పుడు తాళము పగులగొట్టు దొంగకై వేరుగ రక్షణ కొనవలసినదే. నగలకును అదనపు రక్షణ కోరవలెను. నగదు, దస్తావేజులు, వ్రాతప్రతులు సామాన్యముగ ఇందు చేరవు; రచయితల దురదృష్టము! నష్టమును అంచనావేయు సర్వేయరు వచ్చినపుడు చూపుటకు రసీదులను, వస్తువుల ఛాయాచిత్రములను వేరొకచోట గూడ భద్రపరచుకొనవలెను.