నలుపు కాదది... ముదురు పచ్చ!

'శుభమా అని పెళ్లి చేస్తూ హాలంతా ఆ నల్లటి ఆకులేంటి?'

వేదిక వెనక ముదురాకుల తెర కట్టిస్తామనగానే ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి మాట ఇదే. 'పూలు లేకపోతే పెళ్లిలా ఉంటుందా?' అన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు చెప్పి ఒప్పించగలిగితే పూల ఖర్చు తగ్గుతుంది, హాలుకి కళా వస్తుంది.

నల్లజర్ల... ఊరి పేరులోనే నలుపుంది. చుట్టూ చూస్తే మాత్రం అంతా పచ్చదనమే. ఆయిల్‌పామ్‌ తోటలు, కొబ్బరి తోటలు, వాటి నీడన కోకో మొక్కలు. తాడేపల్లిగూడెం వైపు వెళ్తే వెంకట్రామన్నగూడెంలో 2007లో ఏర్పాటైన ఉద్యాన విశ్వవిద్యాలయం. ఈ మెట్ట ఊళ్లలో ఒకప్పుడు పెళ్లంటే ఇంటిముందు తాటాకు పందిరి, రాటలకు కొబ్బరి మట్టలు, గుమ్మానికి మామిడాకులు, అటూ ఇటూ అరటి చెట్లు. అంటే, మన అలంకరణలో పెద్దపీట ఆకుదే. పూలు దేవుడికీ పెళ్లికూతురి జడకీ! పెళ్లి వాకిలి దాటి ఫంక్షన్‌ హాల్లోకి వెళ్లాకే గుడ్డ పరదాలూ ప్లాస్టిక్‌ పూలూ రాజ్యమేలాయి. ఇప్పుడు ముదురాకులు వేదికెక్కుతున్నాయంటే... పాతదే కొత్తగా వచ్చిందన్నమాట.

నల్లపూసల మాటేమిటి?

శుభకార్యంలో నలుపు పనికిరాదన్నది మనవాళ్ల పట్టింపు. మరి పెళ్లికూతురి బుగ్గన దిష్టిచుక్క పెట్టేది కాటుకతోనే కదా! తర్వాత మెడలో పడే నల్లపూసలదీ నలుపే. పైగా నల్లగా కనిపించే ఆకులు చాలావరకు నల్లనివి కావు. నీడలో పెరిగే మొక్కలు దొరికిన కాస్త వెలుతురునీ ఒడిసిపట్టుకోవడానికి ఆకుల్లో పత్రహరితాన్ని దట్టంగా నింపుకుంటాయి. అందుకే అంత చిక్కటి పచ్చ. బర్గండీ రబ్బరు మొక్క, కార్డిలైన్‌ లాంటివాటిలో ఆంథోసయనిన్‌ అనే ఎర్రటి వర్ణకం తోడవడంతో ఆకు నలుపు తిరిగినట్టుంటుంది.

అప్పటికీ పెద్దలు ఒప్పుకోకపోతే పేచీ వద్దు. గుమ్మానికి మామిడి తోరణం, పెళ్లిపీటల దగ్గర అరటి పిలకలు, లేత కొబ్బరాకులు ఎప్పటిలాగే ఉంచండి. ముదురాకుల్ని వెనక తెరకీ, అతిథులు నడిచే దారికీ పరిమితం చేయండి. ఇద్దరి మాటా నెగ్గుతుంది.

పూలు తక్కువ... అందం ఎక్కువ

నగల దుకాణంలో బంగారాన్ని ముదురు రంగు మఖమలు గుడ్డ మీద ఎందుకు పెడతారు? ఇక్కడా అదే సూత్రం. తెల్లటి పరదా మీద బుట్టెడు మల్లెలు గుచ్చినా దూరానికి కనిపించవు. ముదురాకు మీద పాతిక లిల్లీ కాడలు, నాలుగు దండల పసుపు చామంతి చాలు... చివరి వరసలో కూర్చున్నవాళ్లకీ కనిపిస్తాయి. ముహూర్తాల రోజుల్లో పూల ధర ఎలా ఎగబాకుతుందో తెలిసిందే. ఆకు అక్కరకొచ్చేది అప్పుడే.

అయితే ముదురాకుతో ఒక చిక్కుంది. అది వెలుతురుని మింగేస్తుంది. అసలే లైట్లు తక్కువై, గోడలకు మెరూన్‌ పరదాలుంటే హాలు గుహలా మారిపోతుంది. కాబట్టి గోడంతా ఆకులతో కప్పేయొద్దు. మధ్యమధ్యలో తెలుపో గంధం రంగో గుడ్డ కనిపించనివ్వండి. పక్కల నుంచి పసుపు వెలుగునిచ్చే ఎల్‌ఈడీ దీపాలు వేయించండి. హాలోజన్‌ వేడికి ఆకులు మాడిపోతాయి. వధూవరుల మీద విడిగా లైటు పడాలి. అన్నట్టు, పెళ్లికూతురు ముదురాకుపచ్చ పట్టుచీర కడితే ఆ తెరలో కలిసిపోతుంది. చీర రంగేంటో డెకరేషన్‌ వాళ్లకి ముందే చెప్పడం మంచిది.

ఆకులు ఎక్కడివి?

సగం మన పెరట్లోవే. అశోకచెట్టని మనం పిలిచే నరమామిడి, పనస, సపోటా, పొన్న... అన్నీ నిగనిగలాడే ముదురాకులే. మిగతావాటికి గోదావరి దాటితే కడియం నర్సరీలున్నాయి. 2022లో జిల్లాలు మారాక నల్లజర్ల, కడియం రెండూ తూర్పుగోదావరి జిల్లాలోనివే. రబ్బరు మొక్క, ఫిలోడెండ్రాన్‌, మాన్‌స్టెరా, డ్రసీనా లాంటివాటిని కోయించేకన్నా కుండీలతో తెచ్చుకోవడమే మేలు. నీడకు అలవాటుపడ్డ మొక్కలు కాబట్టి రెండు మూడు రోజులు హాల్లో ఉన్నా తట్టుకుంటాయి.

ఈ జాగ్రత్తలు తీసుకోండి

* లేతాకు త్వరగా వాడిపోతుంది. ముదిరిన ఆకుల్నే తెల్లవారుజామున కోయించి, కాడల్ని వెంటనే నీళ్లలో పెట్టాలి.

* ఏసీ గాలి ఆకుల్లోని తేమను లాగేస్తుంది. గాలి నేరుగా తగిలేచోట కట్టొద్దు. అప్పుడప్పుడూ నీళ్లు చిలకరించాలి... కరెంటు వైర్లకు దూరంగా.

* మెరుపు కోసం నూనె రాస్తే ఆకు రంధ్రాలు మూసుకుపోతాయి. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

* కాడలు గుచ్చే ఆకుపచ్చ స్పాంజి ఒక రకం ప్లాస్టిక్కే, మట్టిలో కలవదు. దాని బదులు అరటి బోదె ముక్కల్లో గుచ్చండి. అందులోని తడి కాడల్నీ కాపాడుతుంది.

* గన్నేరు విషం. డైఫెన్‌బాకియా ఆకు నమిలితే నోరూ గొంతూ మండి వాస్తాయి. పిల్లలు తిరిగేచోట, భోజనాల బల్లల దగ్గర ఈ రెండూ అసలే వద్దు.

పెళ్లైన మర్నాడు గుడ్డ పరదాలు డెకరేషన్‌ వాళ్ల లారీ ఎక్కుతాయి. ప్లాస్టిక్‌ పూలు ఇంకో పెళ్లికి పోతాయి. కోసిన ఆకులేమో ఏ కొబ్బరిచెట్టు మొదట్లోనో ఎరువవుతాయి. మరి కుండీలు? వాటిలో ఒకదాన్ని అమ్మాయితోపాటు అత్తారింటికి పంపండి. పెళ్లినాటి పూలు ఫొటోల్లోనే మిగులుతాయి. ఆ మొక్క మాత్రం కొత్త కాపురంలో కొత్త చిగురేస్తుంది!